మూడు డబ్బాల ఉమ్మడి సంసారం

మా అత్తగారింట్లో పొయ్యిలు మూడు, గ్యాసు బండలు మూడు, ఆఖరికి చీపుర్లు కూడా మూడే. వీధి వైపు మాత్రం గేటు ఒకటి, గేటు మీద బోర్డు ఒకటి. కడపలో నేల మీద పరిచే బండల వ్యాపారం చేసే కుటుంబం. నేను కోడలిగా రాకముందే అన్నదమ్ములు ముగ్గురూ లోలోపల వేరుపడి, బయటికి మాత్రం కలిసున్నట్టు కనపడాలని తీర్మానించుకున్నారు. వేరుపడ్డారని ఊరికి తెలిస్తే గనుల దగ్గర మాట చెల్లదట. పై అంతస్తులో పెద్ద బావగారు, మధ్య అంతస్తులో నడిపి బావగారు, కింద మేము. పండగలప్పుడు ముగ్గురూ తెల్లచొక్కాలు తొడుక్కుని గేటు ముందు నిలబడి నవ్వుతారు. ఆ నవ్వులు చూసి మోసపోయి మా నాన్న నన్ను ఈ ఇంట్లో ఇచ్చాడు.

నాది కర్నూలు జిల్లా కోసిగి. మా నాన్నకు అక్కడ చిన్న అంగడి ఉండేది. వానలు ఎగ్గొట్టిన ఏడు సగం ఊరు మూటాముల్లె సర్దుకుని పనులు వెతుక్కుంటూ వలస పోయేది. ఆ నెలల్లో అంగడి ముందు ఈగలు తప్ప బేరాలు ఉండేవి కావు. కాళ్లకు చెప్పులు కొనుక్కోవాలన్నా మా అమ్మ నాన్న ముందు నిలబడి "దుడ్లు ఇస్తావా?" అని అడిగేది. ఆయన ఇచ్చినా ఇవ్వకపోయినా ఆ నిలబడటం మాత్రం తప్పేది కాదు. అది చూస్తూ పెరిగినదాన్ని. కర్నూల్లో లెక్కల ఎమ్మెస్సీ చదివేటప్పుడే అనుకున్నాను, నా సంపాదన నా చేతికి రావాలని, ఎవరి ముందూ అట్లా నిలబడకూడదని.

పెళ్లయ్యాక బెంగళూరు కంపెనీ ఒకటి నాకు పని ఇచ్చింది. ఇంట్లోనే కూర్చుని పిల్లలకు ఆన్‌లైన్‌లో లెక్కలు చెప్పాలి. మొదట్లో కొన్ని నెలలు మన పనితనం చూస్తారు. చివర్లో ఒక పెద్ద మేడం మన క్లాసులోకి వచ్చి కూర్చుంటుంది. ఆమె బాగుందంటే పని ఖాయం, లేదంటే అంతే సంగతులు. బయటికి పోయి చేసే ఉద్యోగానికి ఈ ఇంట్లో ఒప్పుకోరు, తెల్లచొక్కాల పరువు మాసిపోతుందట. కాబట్టి నాకున్నది ఈ దారి ఒక్కటే. ఇది పోతే నేనూ చెప్పుల కోసం నిలబడాల్సిందే.

ఆ పని కోసమే ఇంటికి నెట్టు పెట్టించాం. ఈ ఇంట్లో ఏ కాగితం పుట్టినా పెద్ద బావగారి పేరు మీదే పుట్టాలి కాబట్టి కనెక్షన్ కూడా ఆయన పేరు మీదే తీసుకున్నాం. వీధిలో స్తంభం నుంచి వైరు నేరుగా మా హాల్లోకి వచ్చింది. కేబులాయన గోడకు మోడెమ్ డబ్బా బిగించి పోయాడు. రెండు పోర్షన్ల పిల్లలూ వచ్చి పాస్‌వర్డ్ అడిగితే ఇచ్చాను. ఇవ్వడమే నేను చేసిన నేరమైంది. అందరికంటే చిన్న మరదల్ని ఇంటికి పెద్దవాడు పాస్‌వర్డ్ అడగాల్సి వచ్చిందే! పెద్ద బావగారు రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని మా పెద్ద తోటికోడలు స్వయంగా చెప్పింది.

మూడో రోజు కేబులాయన మళ్లీ వచ్చాడు. పెద్ద బావగారు మెట్ల మీద నిలబడే మొదలుపెట్టారు.

"ఏమప్పా, మా ఇంటికి వేరే డబ్బా తగిలించు. పొద్దుగూకులూ కిందికి పోయి అడుక్కునేది ఏంటికి?"

"దాందేముంది సార్, ఒక లైనుకు ఎన్ని డబ్బాలైనా పెట్టుకోవచ్చు. నా దగ్గర మంచిది ఉండాది, నాలుగు కొమ్ములది."

మా డబ్బాకు కొమ్ములు, అంటే యాంటెన్నాలు, రెండే. అది తెలియగానే బావగారి మొహం వికసించింది. పైన నాలుగు కొమ్ముల డబ్బా వెలిసిందని విని నడిపి బావగారు ఊరుకుంటారా? సాయంత్రానికి ఆయనా ఒకటి తెప్పించారు. వేరే కనెక్షన్ తీసుకోవచ్చు కదా అని నేను అడిగితే ముగ్గురూ నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. ఇంకో పేరు మీద ఇంకో బిల్లు వస్తే వేరుపడ్డారని ఊరంతా అనుకోదా? లోపల చీపుర్లు వేరు పెట్టుకున్న మనుషులు వీళ్లు.

ఒక లైనుకు ఎన్ని డబ్బాలైనా పెట్టుకోవచ్చన్నది అబద్ధమేమీ కాదు. పెట్టే పద్ధతి ఒకటి ఉంటుంది. ఇంట్లోకి వచ్చే ప్రతి ఫోనుకూ, ప్రతి కంప్యూటరుకూ మోడెమ్ ఒక నంబరు ఇస్తుంది. ఆ నంబర్లు ఇచ్చే పెత్తనం ఒకే డబ్బాకు ఉండాలి, మిగతావి ఊరికే వైఫైని అందిస్తే చాలు. కేబులాయన ఆ పని చేయకుండా మూడింటినీ వైర్లతో కలిపేసి, మూడు కాఫీలు తాగి వెళ్లిపోయాడు. మూడు డబ్బాలూ ఎవరికి తోచిన నంబర్లు అవి పంచడం మొదలుపెట్టాయి. మన బస్సుల్లో ఒకే సీటు మీద కిటికీలోంచి ఇద్దరు తువ్వాళ్లు వేస్తే ఏమవుతుందో మా ఇంట్లో అదే అయింది. ఫోను మీద వైఫై గీతలు నిండుగా కనపడేవి, నెట్టు మాత్రం వచ్చేది కాదు. నా క్లాసులో పిల్లల మొహాలు నోళ్లు తెరిచినవి తెరిచినట్టే ఆగిపోయేవి. పెద్ద బావగారు డబ్బా కొమ్ముల్ని ఒకసారి తూర్పుకు, ఒకసారి ఈశాన్యానికి తిప్పి చూసుకునేవారు.

మగవాళ్లు ముగ్గురూ బండల అంగడికి పోయిన ఒక పొద్దున నేనే మూడు అంతస్తులూ ఎక్కి దిగి ఆ డబ్బాల్ని దారికి తెచ్చాను. పై రెండింటికీ పెత్తనం తీసేశాను. మూడింటికీ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్ పెట్టాను. ఇంట్లో ఏ మూలకు పోయినా నెట్టు దానంతట అదే అందేది. తోటికోడళ్లు ఇద్దరూ సంతోషించారు. సాయంత్రం పెద్ద బావగారు ఫోను చూసుకుంటూ, "చూస్తిరా, మన నాలుగు కొమ్ముల డబ్బా వచ్చినాక నెట్టు ఎట్ల పరిగెత్తుతాందో!" అన్నారు. నాకు నవ్వొచ్చింది. పోనీలే, ఆయన కొమ్ములు ఆయనకు ముద్దు, నా క్లాసు నాకు నడిస్తే చాలు అనుకున్నాను.

ఆ ప్రశాంతతను కూడా ఆ కేబులాయనే చెడగొట్టాడు. ఇంకో డబ్బా అంటగట్టాలన్న ఆశతో పైకి పోయి, కాఫీ తాగుతూ, "మీ డబ్బా ఉత్తదే సార్, పెత్తనమంతా కింద డబ్బాది" అని చల్లగా చెప్పాడు. ఆ మాటకు బావగారి ఒళ్లు మండిపోయింది. తమ్ముడి డబ్బా కింద అన్న డబ్బా పనిచేయడమా? మా తోటికోడలి గాజులకు వేలాడే పిన్నీసు ఒకటి లాక్కుని, డబ్బా వెనకాల రీసెట్ బొక్కలో దూర్చి నొక్కి పట్టుకున్నారు. నేను చేసిన పనంతా ఒక్క పిన్నీసు పోటుకు తుడిచిపెట్టుకుపోయింది. డబ్బా మళ్లీ పుట్టినప్పటి బుద్ధికి వచ్చి, తన నంబర్లు తాను పంచడం మొదలుపెట్టింది.

ఆ సాయంత్రం పైన పంచాయితీ పెట్టారు. పెళ్లిలో తాంబూలం ఎవరికి ముందు ఇవ్వాలో, ఫొటోలో ఎవరు మధ్యలో నిలబడాలో తేల్చినంత గంభీరంగా ఏ డబ్బా ముందుండాలో తేల్చడానికి కూర్చున్నారు. పెద్ద బావగారు తువ్వాలు భుజం మీద సర్దుకుని తన సిద్ధాంతం చెప్పారు.

"ఏమప్పా, నీళ్ల ట్యాంకు మిద్ది మీద పెడతామా, వాకిట్లో పెడతామా? పైనుంటేనే కదా కిందికి దిగేది. ఈళ్లు కింద పెట్టుకోని అంతా లాక్కుంటాంటే పైకి యాడ ఎక్కుతాది నెట్టు?"

నడిపి బావగారు ఒక్క సవరణ ప్రతిపాదించారు. "పైనుంచి మొదట నా ఇంటికి దిగల్ల. నా తర్వాతే తమ్మునికి."

బోరు వేస్తే నీళ్లు పడని నేలలో పుట్టారు కాబట్టి వీళ్లకు కరెంటైనా, నెట్టైనా, ఏదైనా నీళ్లలాగే కనపడుతుంది. ముందున్నవాడు తోడేసుకుంటాడు, వెనకున్నవాడికి బురద మిగులుతుంది. ఆ భయాన్నైతే నేను వెక్కిరించను, మా ఊళ్లో అదే భయంతో పెరిగాను. అయితే ఆ భయానికి వయసు వరస కట్టి, దాన్ని న్యాయమని చెబుతుంటే వినడం మాత్రం నా వల్ల కాలేదు. అది నీళ్లలాగా పారేది కాదు బావా, ఎక్కడున్నా ఒకటే అని చెప్పబోయాను. ఆయన నా వైపు చూడకుండా మా ఆయనను చూశారు. మా ఆయన చదివింది కంప్యూటర్ల డిగ్రీ. ఆయన నోరు విప్పి "అన్న చెప్పేది నిజమే" అన్నాడు. గంగిరెద్దు కూడా డోలు వాయిస్తేనే తలూపుతుంది, ఈయనకు అది కూడా అక్కర్లేదు.

మరుసటి రోజు స్తంభం నుంచి వచ్చే లైను పై అంతస్తుకు ఎక్కింది. మొదట పెద్ద బావగారి డబ్బా, అక్కడి నుంచి వైరు దిగి నడిపి బావగారి డబ్బా, అక్కడి నుంచి ఇంకో వైరు దిగి మా డబ్బా. నేను మళ్లీ మూడింటినీ సర్ది, పెత్తనం ఈసారి పెద్ద బావగారి డబ్బాకే అప్పగించాను. నాకు ఏ వరసలో ఉన్నా ఒకటే, వైరును కదిలించకపోతే చాలు.

దాన్ని కదిలించకుండా ఉంచడం వాళ్లకు చేతనైతే కదా. నడిపి బావగారు గోదాముకు బయలుదేరే ముందు తన డబ్బా స్విచ్చి ఆర్పేసేవారు, కరెంటు కాలుతుందని. దాంతో కింద మాదీ ఆరిపోయేది. క్లాసు మధ్యలో పైకి పరిగెత్తి అడిగితే, "నా డబ్బా, నా కరెంటు. నీకు కావల్లని మేము పొద్దస్తమానం మంట పెట్టుకోవల్లనా?" అన్నారు. మా ఆయనకు చెప్పాను. "నేను మాట్లాడతాలే" అన్నాడు. ఆయన మాట్లాడతానన్న మాటలన్నీ పోగేస్తే ఒక గ్రంథమవుతుంది, ఆయన మాట్లాడినవి మాత్రం ఏమీ లేవు. చివరికి నడిపి తోటికోడలే, పాపం, నా క్లాసు వేళకు గుట్టుగా స్విచ్చి వేసి పెట్టేది.

ఇంతలో మేడం క్లాసు చూసే రోజు ఖాయమైంది. ఒక సాయంత్రం, ఒక గంట. ఇంట్లో ప్రతి ఒక్కరికీ చెప్పాను. పైకి పోయి చెప్పాను, మధ్యలో ఆగి చెప్పాను, మా ఆయనకు అన్నం పెడుతూ చెప్పాను. ఆ ఒక్క గంట ఎవరూ వైర్లు ముట్టుకోవద్దు, ఇది పోతే నాకు పని పోతుంది అన్నాను. "నేనుండా కదా, నువ్వు నిమ్మళంగా చెప్పుకో" అన్నాడు మా ఆయన. నిమ్మళంగానే చీర మార్చుకుని, వెనక గోడకు దుప్పటి కట్టుకుని, లాప్‌టాప్ ముందు కూర్చున్నాను.

భిన్నాల భాగహారం చెబుతున్నాను. పిల్లలు హుషారుగా ఉన్నారు. మేడం మొహం కనపడకుండా ఒక మూల పేరుగా మాత్రమే ఉంది. సగం క్లాసు గడిచేసరికి తెర ఆగిపోయింది. మా డబ్బా మీద ఎర్రలైటు. ఒక్క నిమిషం చూశాను, రాలేదు. లాప్‌టాప్‌ను అట్లాగే చంకన పెట్టుకుని మెట్లెక్కాను. నడిపి బావగారి ఇంట్లో మనుషులు లేరు, డబ్బా వెలుగుతోంది, దాని మీదా ఎర్రలైటే. ఇంకో అంతస్తు ఎక్కాను.

పైన హాలు నిండా జనం. పెద్ద బావగారి కొడుక్కి పిల్లనిచ్చే ఆలోచనతో ప్రొద్దుటూరు నుంచి పెద్దవాళ్లు వచ్చి కూర్చున్నారు. చేతుల్లో మిక్చరు ప్లేట్లు. గోడకున్న పెద్ద టీవీలో మా గనిని డ్రోనుతో తీయించిన వీడియో నెట్టు మీద ఆడుతోంది. నడిపి బావగారు సోఫా చివర్న కూర్చుని ఏ బండ ఎక్కడిదో వివరిస్తున్నారు. టీవీ పక్కన డబ్బా దగ్గర మా ఆయన వంగి నిలబడి ఉన్నాడు. కిందికి దిగే వైరు కొస ఆయన చేతిలో ఉంది.

"నా వైరు ఎవరు పీకినారు?" అన్నాను.

మా ఆయన నా మొహం వైపు చూడలేదు. "వీడియో నిలిచి నిలిచి పోతాంది. అన్న పీకమన్యాడు. కొంచేపే కదా మ్మే, మళ్లా పెడతా."

పెద్ద బావగారు చుట్టాల ముందు గొంతులో తేనె పోసుకుని అన్నారు. "కింద లాగుతాంటే పైన ఎట్ల ఆడతాదమ్మా? వచ్చినోళ్లు పోయినంక చెప్పుకో నీ పాఠాలు."

నేను జవాబు చెప్పేలోపే చంకలోని లాప్‌టాప్‌లోంచి ఒక పిల్లవాడి గొంతు వినపడింది. "మిస్, మీరు కనపడట్లేదు. ఉన్నారా?" అన్ని డబ్బాలకూ ఒకే పేరు పెట్టాను కదా, పైకి రాగానే బావగారి డబ్బా నుంచి నెట్టు అందుకుంది. హాల్లో అందరూ నా చంక వైపు చూశారు.

"ఉన్నాను నాన్నా" అన్నాను. అక్కడే భోజనాల బల్ల మీద లాప్‌టాప్ పెట్టి, కుర్చీ లాక్కుని కూర్చున్నాను. "బావా, టీవీ ఆపండి, క్లాసు జరుగుతాంది" అన్నాను. ఆయన చుట్టాల వైపు చూశారు. ప్రొద్దుటూరు పెద్దాయనే రిమోటు అందుకుని టీవీ ఆపాడు. మిగిలిన క్లాసంతా ఆ హాల్లోనే చెప్పాను. నా వెనక మిక్చరు తిన్న ప్లేట్లు, ఒక పక్కన తెల్లచొక్కాలు, అన్నీ తెరలో కనపడే ఉంటాయి. కనపడనీ అనుకున్నాను. పిల్లలు లెక్కలన్నీ సరిగ్గా చేశారు. నాలుగు రోజుల తర్వాత పని ఖాయమైందని కంపెనీ నుంచి కబురొచ్చింది.

పెద్ద బావగారు ఆ కబురు విని అంగట్లో అందరికీ చెప్పుకున్నారు, తన డబ్బా పైకి ఎక్కించినందుకే మరదలికి ఉద్యోగం వచ్చిందని. నాకు కోపం కూడా రాలేదు. ఆయనకు తెలిసింది అంతే. నెట్టును నీళ్లనుకునే మనిషి, తన మిద్దె మీదే ట్యాంకు ఉండాలనుకునే మనిషి. నవ్వుకుని వదిలేయొచ్చు. నడిపి బావగారినీ వదిలేయొచ్చు, కరెంటు బిల్లు మించిన లోకం ఆయనకు లేదు.

మా ఆయనను వదలలేకపోయాను. ఆయనకు తెలుసు. అది నీళ్లు కాదని తెలుసు, వీడియో నిలిచిపోవడానికీ నా క్లాసుకూ సంబంధం లేదని తెలుసు, ఆ గంట ఏ గంటో తెలుసు, ఆ వైరు పీకితే నాకు ఏం పోతుందో ఇంట్లో అందరికంటే బాగా తెలుసు. అన్నీ తెలిసి వంగి పీకాడు. అన్న బలవంతం కూడా పెట్టలేదు, ఒక్క మాట అన్నాడు, అంతే. ఆ సాయంత్రం మెట్లు దిగుతూ ఆయన నాతో అన్నదేమిటో తెలుసా? "నలుగుర్లో అన్నకు అట్ల ఎదురు చెప్పొచ్చునా? పైకి పోయి తప్పైందని ఒక మాట అనిరా" అన్నాడు. నేను పోలేదు. ఆయన మూతి ముడుచుకుని పడుకున్నాడు. పని పోయేదేమోనన్న భయం ఆ క్లాసుతో తీరిపోయింది. ఈయన మీద అసహ్యం మాత్రం ఎంత కడిగినా పోలేదు, అన్నం వడ్డిస్తున్నా, పక్కన కూర్చుని టీవీ చూస్తున్నా.

మొదటి జీతం చేతికి రాగానే కేబులాయనకు ఫోను చేశాను. మా పోర్షనుకు వేరే కనెక్షన్ కావాలన్నాను. ఇంట్లో దుమారం లేచింది. ఊరేమనుకుంటుందని పైనుంచి ఒకరు, గనుల దగ్గర మాట పోతుందని మధ్యలోంచి ఒకరు. ఊరు ఏమీ అనుకోలేదు, ఊరికి బోలెడు పనులున్నాయి. కేబులాయన వచ్చి, పాత చిల్లులోంచే కొత్త వైరు లాగి, గోడకు డబ్బా బిగించి, "ఎవరి పేరు మీద రాయల్లమ్మా?" అని అడిగాడు.

నా పేరు చెప్పాను.

గుమ్మంలో నిలబడి ఇదంతా చూస్తున్న మా ఆయన మెల్లగా దగ్గరికొచ్చాడు. "నా పేరు మీద తీసుకోరాదా? మొగుడు ఇంట్లో ఉండంగా పెండ్లాం పేరు మీద ఏంటికి?" అన్నాడు.

"నా వైరు మీ చేతిలో ఒకసారి చూసినా కదండీ. చాలు" అన్నాను.

కేబులాయన తల వంచుకుని నా పేరు రాసుకున్నాడు. మా ఆయన కోప్పడినా బాగుండేది, తప్పైందన్నా బాగుండేది. రెండూ కాకుండా చెప్పులేసుకుని, మెట్లెక్కి అన్న దగ్గరికి పోయాడు.